కువైటీ ఇళ్లు మనకు తెలియనివి కావు

"ఇన్నేళ్లయింది, ఒక్క కువైటీ ఇంట్లో కాలు పెట్టలేదు."

కువైట్‌లో ఉద్యోగాలు చేసుకునే తెలుగు కుటుంబాలు నాలుగు కలిసిన చోట ఈ మాట రాకుండా ఉండదు. సాల్మియాలో ఎవరి పిల్లాడి పుట్టినరోజో అవుతుంది, అబ్బాసియాలో ఉగాది కార్యక్రమం ముగిసి పులిహోర ప్లేట్లు పట్టుకుని నిలబడతాం, ఎవరో ఒకరు మొదలుపెడతారు. వాళ్లు కలవరు, వాళ్ల గోడలు ఎత్తు, వాళ్లకు మనమంటే చిన్నచూపు. ఆ వెంటనే అమెరికాలో ఉన్న తమ్ముడి సంగతి వస్తుంది. అక్కడ పక్కింటి తెల్లవాళ్లు పండక్కి భోజనానికి పిలిచారట, మంచు పడితే వాకిలి కూడా ఊడ్చిపెట్టారట. ఇక్కడ మన బతుకు చూడండి, అంటారు.

ఈ మాటతో నాకు పేచీ ఉంది. కువైటీ ఇళ్లలో తెలుగువాళ్లు ఉన్నారు. వేలమంది ఉన్నారు. వంటింట్లో ఉన్నారు, పిల్లల గదిలో ఉన్నారు, మంచాన పడ్డ పెద్దావిడ పక్కన నేలమీద పరుపు వేసుకుని పడుకుని ఉన్నారు. ఆ ఇంట్లో వాళ్లు ఏం తింటారో, ఎందుకు పోట్లాడుకుంటారో, ఎవరికి ఏ మందు పడదో వాళ్లకు తెలుసు. "మనవాళ్లెవరూ ఆ ఇళ్లలో అడుగుపెట్టలేదు" అని మనం అంటున్నామంటే, ఆ "మనవాళ్ల"లో వీళ్లను కలుపుకోలేదన్నమాట. స్థానికులు మనకు తలుపు తీయడం లేదని బాధపడే ముందు, ఆ తలుపు అవతల ఉన్న మన మనుషులకు మనం ఎన్నిసార్లు తలుపు తీశామో చూసుకోవాలి.

నేను ఒక ప్రైవేటు క్లినిక్‌లో ల్యాబ్ టెక్నీషియన్ని. రోజంతా రక్తం తీయడమే పని. కువైటీ కుటుంబం వచ్చిందంటే వెనక సాధారణంగా ఒక కద్దామా ఉంటుంది. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లను ఇక్కడ అందరూ అలాగే అంటారు. చంకలో బిడ్డ, భుజాన సంచి, లేదంటే పెద్దావిడ చక్రాల కుర్చీ తోస్తూ వస్తుంది. ముఖం చూసి "ఏ ఊరమ్మా మీది?" అంటాను. రాయచోటి, రాజంపేట, కోడూరు అంటారు. లేదా రాజోలు, మలికిపురం, నరసాపురం. ఆ ఒక్క ప్రశ్నకే కొందరికి కళ్లలో నీళ్లు తిరుగుతాయి. తెలుగులో వాళ్లను పలకరించినవాళ్లు ఎవరూ లేక ఎన్నాళ్లయిందో అనిపిస్తుంది.

ఒకసారి నాలుగేళ్ల కువైటీ పిల్లాడికి సూది గుచ్చగానే "అమ్మో" అని అరిచాడు. కన్నతల్లి పక్కనే కుర్చీలో ఉంది. వాడు చేతులు చాచింది మాత్రం రాజోలు నుంచి వచ్చిన మనిషి వైపు. ఆమె ఎత్తుకుని, వీపు నిమురుతూ, సగం అరబ్బీలో సగం గోదావరి యాసలో ఏదో చెప్పింది. వాడు ఊరుకున్నాడు. ఆమె పిల్లలిద్దరూ ఊళ్లో అమ్మమ్మ దగ్గర ఉన్నారు. వాళ్లకు జ్వరం వస్తే ఆమె వీడియో కాల్‌లో చూస్తుంది.

ఇంకో పెద్దావిడ ఉండేది. షుగరు, దానితోపాటు కిడ్నీల జబ్బు. తరచూ పరీక్షలకు వచ్చేది. నరం దొరకడం కష్టం, ఓపిక తక్కువ. నన్ను గానీ, మా ఫిలిప్పీన్స్ నర్సును గానీ చెయ్యి ముట్టుకోనిచ్చేది కాదు. వెంట వచ్చే రాయచోటి మనిషి ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఆ ఇంటి ఆడవాళ్లు తమలో తాము మాట్లాడుకునే అరబ్బీలో బుజ్జగించేది. అప్పుడు చెయ్యి చాపేది. ఆ భాష మా ఈజిప్టు డాక్టరుగారికే సరిగ్గా అందేది కాదు, ఒక్కోసారి ఆయన కూడా రాయచోటి మనిషినే అడిగి తెలుసుకునేవాడు. "ఈ బాసంతా ఈయమ్మ కాడే వచ్చిందక్కా. మొదట్లో ఊరికే అరిచేది. ఇప్పుడు నేను లేకుంటే నీళ్లు గూడా తాగదు," అందామె ఒకరోజు. బడికి వెళ్లి నేర్చుకున్నది కాదు. కువైటీ కుటుంబం అంటే ఏమిటో మనకు నిజంగా తెలుసుకోవాలని ఉంటే, అడగాల్సింది ఈమెను.

మనం ఆ ఇళ్లలోకి వెళ్లలేకపోవడానికి వాళ్ల గర్వమే కారణమంటే ఒప్పుకోను. ఇక్కడి ఏర్పాటే అటువంటిది. దేశ జనాభా 50 లక్షల దగ్గర్లో ఉంటుంది, అందులో కువైటీలు మూడో వంతు కూడా ఉండరు. భారతీయులమే సుమారు 10 లక్షలమందిమి. మనం ఫర్వానియా, సాల్మియా, మంగఫ్ అపార్టుమెంట్లలో ఉంటాం, వాళ్లు బయాన్, మిష్రెఫ్, సుర్రా విల్లాల్లో ఉంటారు. ఆ వీధుల్లో కుటుంబం లేని విదేశీయులకు గదులు అద్దెకిస్తే మున్సిపాలిటీ వాళ్లు వచ్చి కరెంటు తీసేస్తారు. సొంత ఇల్లు కొనుక్కోవడమన్నది మనలాంటి విదేశీయులకు దాదాపు లేనట్టే. మన పిల్లలవి ఇండియన్ స్కూళ్లు, వాళ్ల పిల్లలవి వేరే స్కూళ్లు. అకామా, అంటే ఇక్కడ ఉండడానికిచ్చే అనుమతి, ఉద్యోగానికి ముడిపడి ఉంటుంది, ఉద్యోగం పోతే సామాను సర్దుకోవాలి. ముప్ఫై ఏళ్లు ఉన్నా పౌరసత్వం రాదు. అమెరికాలో తమ్ముడికి ఒక మెట్టు తర్వాత ఇంకో మెట్టు ఉంది: గ్రీన్ కార్డు, ఇల్లు, పిల్లల స్కూలు కమిటీ. ఎప్పటికైనా ఆ వీధివాడే అవుతాడని పక్కింటివాళ్లకూ తెలుసు. ఇక్కడ మనం ఏదో ఒకరోజు వెళ్లిపోయేవాళ్లమని వాళ్లకూ తెలుసు, మనకూ తెలుసు. ఆ తమ్ముడి అనుభవాన్ని తెచ్చి ఇక్కడ కొలత పెట్టుకోవడం దండగ.

ఒకప్పుడు ఇంత దూరం లేదు. చమురుకు ముందు కువైటీ ఓడలు ఖర్జూరం వేసుకుని బొంబాయి, కోళిక్కోడ్ రేవులకు వచ్చేవి. టేకు, బియ్యం, మసాలాలు నింపుకుని వెళ్లేవి. 1961లో దినారు వచ్చేదాకా ఇక్కడ చెలామణీ అయింది రూపాయే. ఇప్పటికీ బాగా వయసు మళ్లిన పెద్దాయన ఎవరైనా వస్తే హిందీలో పలకరిస్తాడు, వాళ్ల నాన్న బొంబాయిలో వ్యాపారం చేసిన రోజుల గురించి చెబుతాడు, పాత హిందీ సినిమాల పేర్లు చెబుతాడు. అలాంటివాళ్ల రక్తం తీయడం నాకు ఇష్టం, ఎంతసేపైనా చెప్పనిస్తాను. వాళ్ల మనవలకు ఆ సంగతులు తెలియవు. అప్పట్లో కువైటీకి ఇండియాతో పని ఉండేది, ఇండియా వాడికి కువైటీతో పని ఉండేది, అందుకని ఒకరి గుమ్మంలోకి ఒకరు వెళ్లారు. ఇవాళ అంత దగ్గరి అవసరం మిగిలింది ఇంటిపని దగ్గరే.

ఆ దగ్గరితనాన్ని నేను ఆకాశానికెత్తడం లేదు. 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం ఇంటి పనివాళ్ల కోసం చేసిందే. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికి ఒక రోజు సెలవివ్వాలి, ఏడాదికి నెల రోజుల సెలవు ఇవ్వాలి, పనిమనిషి ఒప్పుకోకుండా పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. మరుసటి ఏడాది కనీస జీతం 60 దినార్లని పెట్టారు. గల్ఫ్‌లో ఇంటి పనివాళ్లకు కనీస జీతం పెట్టింది కువైటే ముందు. కాగితం మీద మంచి చట్టం. కానీ విల్లా లోపల గడియారం చూసేదెవరు? నా ముందు కూర్చున్నవాళ్లలో పాస్‌పోర్టు తన దగ్గరే ఉందన్న మనిషి అరుదు. ఇక రంజాన్ నెల చూడాలి. ఇఫ్తారుకు హరీస్, సంబోసాలు, లుగైమాత్. తర్వాత అర్ధరాత్రి దాకా గబ్గా విందులు, వచ్చేపోయే చుట్టాలు. తెల్లవారుజామున సహరీ. మళ్లీ పొద్దున పిల్లలు. ఆ నెలలో మా దగ్గరికి వచ్చే ఆడవాళ్ల పాదాలు చెప్పుల్లో పట్టనంతగా వాచి ఉంటాయి.

నెలకు 100, 120 దినార్లు. దినారు 270 రూపాయల పైమాటే కాబట్టి ఊళ్లో అది పెద్ద డబ్బు. ఇల్లు లేస్తుంది, ఆడపిల్ల నర్సింగు చదువుతుంది. కానీ పిల్లలను ఇక్కడికి తెచ్చుకునే మాటే లేదు. 2024లో కుటుంబాన్ని రప్పించుకోవాలంటే నెల జీతం కనీసం 800 దినార్లు ఉండాలన్నారు. మనలో చాలామందికే అది దాటడం కష్టమైంది, గోలపెట్టాం. మరి ఇంటి పనివాళ్లకిచ్చే 20వ నంబరు వీసా మీద ఉన్న ఆమె ఆ లెక్కలో ఎక్కడా లేదు. పరాయి పిల్లలను పెంచి తన పిల్లల ఫీజులు కట్టే పని ఆమెది.

మంచి ఇళ్లూ ఉన్నాయి. కద్దామా కూతురి పెళ్లికి బంగారం పెట్టి పంపిన యజమానురాలిని చూశాను. జీతం ముందే ఇచ్చి ఊళ్లో స్లాబు వేయించిన కుటుంబం ఉంది. ముస్లిం మనిషైతే తమతోపాటు ఉమ్రాకు తీసుకెళ్లినవాళ్లున్నారు. ఆ ప్రేమ అబద్ధమని నేననను. కానీ అదంతా ఒక పక్క వాళ్ల ఇష్టం మీద ఆధారపడి నడుస్తుంది. "పారిపోయింది" అని కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఒక్క ఫిర్యాదు పెడితే, నిన్నటిదాకా ఇంటి మనిషి అయినామె ఇవాళ పోలీసులకు దొరక్కుండా తిరగాలి. ఇద్దరిలో ఒకరి చేతిలోనే రెండోవారి కాగితాలుంటే దాన్ని స్నేహం అనడానికి నాకు నోరు రాదు. అలాగని అక్కడ ఏ బంధమూ లేదనడానికీ మనసొప్పదు. ఆ పిల్లాడు ఎవరి వైపు చేతులు చాచాడో నేను చూశాను.

ఇక తోటి విదేశీయుల సంగతి. ఇక్కడ మనకు అసలు ఇరుగుపొరుగు వాళ్లే. మా క్లినిక్‌లో ఈజిప్టు, సిరియా, ఫిలిప్పీన్స్, శ్రీలంక, కేరళ వాళ్లం కలిసి పనిచేస్తాం. మధ్యాహ్నం డబ్బాలు విప్పితే నా గోంగూర పచ్చడి మొదట ఖాళీ చేసేది ఫిలిప్పీన్స్ అమ్మాయిలు. వాళ్ల దగ్గర నేను గమనించిన పద్ధతి ఒకటుంది. వాళ్ల దేశపు పనిమనిషి ఎవరైనా వస్తే, నర్సు నర్సులా ఉండదు. ఫోన్ నంబరు తీసుకుంటుంది, ఎంబసీ నంబరు ఇస్తుంది, తిన్నావా అని అడుగుతుంది, సెలవు రోజున చర్చిలో పక్కపక్కనే కూర్చుంటుంది. 2018లో వాళ్ల దేశపు పనిమనిషి శవం ఒక ఫ్లాట్‌లో ఫ్రీజర్లో బయటపడినప్పుడు ఫిలిప్పీన్స్ ఇక్కడికి పనివాళ్లను పంపడం ఆపేసింది. తర్వాత ఒప్పందం రాయించుకునే మళ్లీ పంపింది. నెలకు 400 డాలర్లకు తగ్గకూడదని ఆ దేశం పట్టుబట్టింది కాబట్టే ఒకే ఇంట్లో ఒకే పని చేసే ఫిలిప్పీన్స్ మనిషికి తెలుగు మనిషికన్నా జీతం ఎక్కువ పడుతుంది. ఈ పట్టుదల ప్రభుత్వంలో ఊరికే పుట్టలేదు. పనిమనిషి కష్టాన్ని తమ కష్టంగా చెప్పుకునే నర్సులు, ఉద్యోగులు వెనక ఉంటేనే ప్రభుత్వాలు కదులుతాయి.

మలయాళీలనూ చూశాను. 2024 జూన్ 12న మంగఫ్‌లో కార్మికులుండే భవనం తగలబడి 40 మందికి పైగా భారతీయులు చనిపోయారు. ఎక్కువమంది కేరళవాళ్లు, ఆంధ్రావాళ్లు ముగ్గురు. ఆ రోజు మా మలయాళీ సహోద్యోగులు ఒక్కరూ కుదురుగా కూర్చోలేదు. ఏ ఆసుపత్రిలో ఎవరున్నారు, ఏ ఊరివాళ్లు, ఇంటికి ఎవరు ఫోన్ చేస్తున్నారు అని సాయంత్రం దాకా అదే పని. ఆ భవనంలో ఉన్నవాళ్లు కూలీలా, సూపర్వైజర్లా అని వాళ్లు చూడలేదు.

మనకూ సంఘాలున్నాయి. వాటిలో పనిచేసేవాళ్ల కష్టం నాకు తెలుసు, చిన్నపిల్లలకు తెలుగు నేర్పే తరగతులు నడుపుతున్నారు, శవాలను ఊరికి పంపడంలో రాత్రింబగళ్లు తిరిగే మనుషులున్నారు. వాళ్లకు చేతులెత్తి మొక్కుతాను. అయినా కార్యక్రమాల్లో ముందు వరసల్లో కూర్చునేది ఎవరో, చివర్లో నిలబడేది ఎవరో, అసలు రానిది ఎవరో చూడండి. శుక్రవారం కువైట్ సిటీలో మాలియా దగ్గర సెలవు దొరికిన మన ఆడవాళ్లు చేరతారు. ఊరికి డబ్బు పంపుతారు, పార్సిల్ కడతారు, ఒకరి ఫోన్లో ఒకరి పిల్లల ఫోటోలు చూసుకుంటారు. శుక్రవారం అటు వెళ్లవద్దని, ఆ గుంపులో కనబడితే మనల్నీ అలాగే అనుకుంటారని చెప్పే తెలుగు కుటుంబాలను నేనెరుగుదును. "వాళ్లవల్లే ఇక్కడ తెలుగువాళ్ల పరువు పోతోంది" అన్న మాట విన్నాను. ఎవరి పరువు? ఇళ్లలో పనికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది దళితులు, పేద ముస్లింలు, బీసీలు. డిగ్రీలతో ఉద్యోగాలకు వచ్చినవాళ్లలో ఎక్కువమంది వేరే. ఊళ్లో ఏ వీధివాళ్లు ఏ వీధికి వెళ్లరో ఇక్కడికీ అదే తెచ్చుకున్నాం, దానికి వీసా నంబర్ల పేరు పెట్టుకున్నాం. కువైటీల చిన్నచూపు గురించి మాట్లాడే నోటితోనే ఈ మాటలూ వస్తున్నాయి.

నేను కువైటీ ఇంట్లోకి వెళ్లిన సందర్భం ఒకటి చెప్పాలి. ఆ షుగరు పెద్దావిడ పోయింది. ఇక్కడ పరామర్శ మూడు రోజులు. ఆడవాళ్లు ఇంట్లో కూర్చుంటారు, తలుపు తీసే ఉంటుంది, పిలుపు అక్కర్లేదు, ఎవరైనా వెళ్లవచ్చు. ఈ సంగతి మనలో చాలామందికి తెలియదు. వెళ్లాను. గోడల వెంట నల్లని అబాయాల్లో ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. కూతుళ్ల చేతులు పట్టుకుని చెప్పాల్సిన మాట అరబ్బీలో చెప్పాను. రాయచోటి మనిషి చేదు కాఫీ కప్పుల పళ్లెం పట్టుకుని తిరుగుతోంది. నన్ను చూసి పళ్లెం పట్టుకున్న చేతులు వణికాయి. వంటింట్లోకి ఆమె వెనకే వెళ్లాను. "ఏడ్సేకి గూడా టైం లేదక్కా. వచ్చేవాళ్లు వస్తానే ఉండారు," అంది. పట్టుకుని కూర్చోబెట్టాను, అప్పుడు ఏడ్చింది. రాత్రింబగళ్లు మలమూత్రాలు ఎత్తి, అన్నం తినిపించిన మనిషి. అన్ని వందలమంది పరామర్శకు వస్తే ఆమెను పరామర్శించినవాళ్లు లేరు.

పెద్దకూతురు వంటింట్లోకి వచ్చి మమ్మల్ని చూసింది. నన్ను క్లినిక్‌లో చూసింది కాబట్టి గుర్తుపట్టింది. "మీకు చుట్టమా?" అని అడిగింది. "మా మనిషి," అన్నాను. ఆమె కాసేపు అలాగే నిలబడింది. తర్వాత పళ్లెం ఇంకో పిల్లకిచ్చి, ఈమెను తీసుకెళ్లి హాల్లో తమ వరసలో కూర్చోబెట్టింది. ఆ తర్వాత వచ్చినవాళ్లు కూతుళ్లతోపాటు ఈమె చెయ్యీ పట్టుకుని మాట చెప్పి వెళ్లారు. ఆ కుటుంబం చెడ్డది కాదు. ఆమెకూ ఒక జాతి, ఒక ఊరు, ఒక అక్క ఉన్నారని ఎవరూ అంతవరకు వాళ్లకు గుర్తుచేయలేదు. ఆ ఏడాది రంజాన్ నడిమధ్య గర్గీఆన్ పండగకు ఆ ఇంటి నుంచి మా పిల్లలకు పప్పులూ చాక్లెట్లూ నింపిన సంచులు వచ్చాయి.

దీనికి నాకు ఎదురయ్యే మాట ఒకటి: మనం జోక్యం చేసుకుంటే ఆమె ఉద్యోగమే పోతుంది, మనకూ తలనొప్పి. అందులో నిజం ఉంది. ప్రతి ఇంటి మీదా ఫిర్యాదు పెట్టమని నేననడం లేదు. పలకరింపుకు ఏ యజమానీ అడ్డుచెప్పడం నేను చూడలేదు. ఇంకో మాట: వాళ్లు ఏజెంట్లకు డబ్బిచ్చి తప్పుడు దారిలో వస్తారు కదా అని. 30 ఏళ్లు నిండని ఆడవాళ్లను ఇంటిపనికి పంపకూడదని మన ప్రభుత్వ నిబంధన ఉంది, 2021 జూన్‌లో రెండు దేశాల మధ్య ఇంటి పనివాళ్ల గురించి ఒప్పందం కూడా కుదిరింది. అయినా దొంగదారి ఉందంటే, ఆ దారి తెరిచి కూర్చున్న ఏజెంటు తెలుగువాడే, పక్క ఊరివాడే. మోసపోయిన మనిషిని వదిలేసి మోసం చేసినవాణ్ణి మన ఫంక్షన్లకు పిలుస్తున్నాం, స్పాన్సర్ అని శాలువా కప్పుతున్నాం. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఇదే.

చేయగలిగినవి పెద్ద పనులేమీ కావు. షాపులో, క్లినిక్‌లో, జమియ్యా అనే సహకార దుకాణంలో తెలుగు ముఖం కనబడితే ఊరు అడగండి, నంబరు ఇవ్వండి. ప్రభుత్వ సహెల్ యాప్ 2024 నుంచి ఇంగ్లిష్‌లోనూ ఉంది. తన అకామా ఎప్పటిదాకా ఉందో, తన మీద ఫిర్యాదు ఏమైనా ఉందో ఎలా చూసుకోవాలో పది నిమిషాలు కూర్చుని చూపించండి. మీ పిల్లలతో "పిన్నీ" అనిపించండి. కువైటీ అరబ్బీ నేర్చుకోవాలనుంటే యాప్‌లకు డబ్బు పోయకుండా ఆమెకు ఫీజిచ్చి నేర్చుకోండి. నేను అలాగే నేర్చుకుంటున్నాను.

సంఘాల పెద్దలకు నాదొక విన్నపం. వచ్చే ఉగాది కార్యక్రమానికి 20వ నంబరు వీసా వాళ్ల దగ్గర టికెట్టు తీసుకోకండి. వేదిక సిటీలో మాలియాకు నడిచివెళ్లే దూరంలో చూడండి, అబ్బాసియా దాకా టాక్సీకి వాళ్ల దగ్గర డబ్బులుండవు. శుక్రవారం పొద్దున 10 గంటలకే మొదలుపెట్టండి. సెలవిచ్చే ఇళ్లు కూడా వాళ్లను పొద్దు గూకేటప్పుడు వినిపించే మగ్రిబ్ అజాను లోపలే తిరిగి రమ్మంటాయి. సాయంత్రం 6 గంటలకు జ్యోతి వెలిగిస్తామని ఆహ్వానపత్రం వేస్తే వాళ్లను రావద్దని చెప్పినట్టే.